బతుకమ్మ – అవ్వ చెప్పిన వృక్షశాస్త్రం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని అడిగినప్పుడు ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఈ హాస్టల్లోనే ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చివరి సంవత్సరంలో ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. కాబట్టి చదువు గురించే రాయాలనిపించింది. అయితే ఇది పుస్తకంలోని చదువు గురించి కాదు. దసరా సెలవుల్లో మా అవ్వ పక్కన కూర్చొని బతుకమ్మ పేరుస్తూ నేర్చుకున్న చదువు గురించి. (మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం.)

ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు హాస్టల్లో చిత్రలేఖనం పోటీ పెట్టారు. అంశం 'ప్రకృతి'. అందరం దాదాపు ఒకే బొమ్మ వేశాం. రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కింద నది, ఒడ్డున కొబ్బరి చెట్లు. మా ఊళ్లో కొండ లేదు, నది లేదు, కొబ్బరి చెట్టు ఒక్కటి కూడా లేదు. ఉన్నవి చెరువు, తాటి చెట్లు, పత్తి చేలు, తంగేడు పొదలు. వాటిని బొమ్మ వేయవచ్చని మాలో ఎవరికీ తోచలేదు. నాకు రెండో బహుమతి కూడా వచ్చింది. పది రోజుల తర్వాత సెలవులకు ఇంటికి వెళ్లి అవ్వతో కలిసి బతుకమ్మ పేర్చాను. అది కూడా ప్రకృతి బొమ్మేనని, నేను బహుమతి తెచ్చుకున్న దానికంటే నిజమైన బొమ్మ అని తెలియడానికి నాకు మరో ఏడెనిమిదేళ్లు పట్టింది.

బతుకమ్మ అంటే

మనలో చాలామందికి తెలిసినదే అయినా క్లుప్తంగా చెబుతాను. బతుకమ్మ తెలంగాణ ఆడవాళ్ల పూల పండుగ. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలి పూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదో రోజున సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. మధ్యలో అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, వేపకాయల, వెన్నముద్దల బతుకమ్మలు వస్తాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ కాబట్టి ఆ రోజు పేర్చరు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. అదే సంవత్సరం తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు.

దీనికి ముందు బొడ్డెమ్మ వస్తుంది. పెళ్లి కాని ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలతో అలంకరించి ఆడతారు. కింద వెడల్పుగా, పైకి సన్నగా ఉండే ఆకారాన్ని పిల్లల చేతులు మొదట మట్టితో నేర్చుకుంటాయి, తర్వాత పూలతో పేరుస్తాయి. పలక మీద దిద్దిన తర్వాతే కదా నోట్‌బుక్‌లో రాస్తాం! ఇదీ అలాంటిదే.

గునుగు: చేనులో కలుపు, సిబ్బిలో గౌరమ్మ

బతుకమ్మకు ముఖ్యమైన పూలు రెండు: గునుగు, తంగేడు. వీటిని ఎవరూ నాటరు, నీళ్లు పోయరు, అమ్మకానికి పెంచరు. వానలకు వాటంతట అవే మొలిచి, భాద్రపదం వచ్చేసరికి పూస్తాయి.

గునుగు శాస్త్రీయ నామం సెలోషియా అర్జెంటియా. తోటకూర కుటుంబమైన అమరాంథేసికి చెందింది. ఒక్క సంవత్సరమే బతికే మొక్క. మనం పువ్వు అనుకునేది నిజానికి ఒక్క పువ్వు కాదు, ఎన్నో చిన్న పూలు దగ్గర దగ్గరగా అమరిన కంకి. ఆ చిన్న పూల పరిపత్రాలు తడి లేకుండా కాగితంలా ఉంటాయి. అందుకే గునుగు కోసిన తర్వాత కూడా త్వరగా వాడిపోదు, ఆకారం చెడదు. బతుకమ్మలో వరుస వరుసకూ గునుగు ఎందుకు పెడతారో ఈ ఒక్క లక్షణంతో అర్థమవుతుంది. గోడకు ఇటుక ఎట్లాగో బతుకమ్మకు గునుగు అట్లాగ. సీతమ్మ జడ పువ్వు కూడా దీని దగ్గరి చుట్టమే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మా అవ్వ కలుపు కూలికి పోతుంది. శ్రావణంలో పత్తి చేలో వంగి ఆమె పీకే కలుపులో గునుగు కూడా ఉంటుంది. కూలి ఇచ్చేదే దాన్ని పీకినందుకు. నెల తిరిగేసరికి అదే గునుగు కోసం గట్ల వెంట వెతుకుతుంది. చిన్నప్పుడు నేను దీనికి నవ్వితే అవ్వ అన్నది: "చేన్ల ఉంటే కలుపు, సిబ్బిల ఉంటే గౌరమ్మ బిడ్డా. మొక్కది తప్పు లేదు, అది మొలిశిన జాగది."

ఇప్పుడు డిగ్రీలో 'కలుపు మొక్క' నిర్వచనం చదువుకున్నాను: మనిషికి అవసరం లేని చోట పెరిగే మొక్క. అవ్వ చెప్పింది కూడా అదే.

ఈ మధ్య గడ్డి మందులు బాగా వచ్చాయి. మందు కొడితే కలుపు పోతుంది, గునుగూ పోతుంది, కలుపు తీసే వాళ్ల కూలీ పోతుంది. మా ఊళ్లో గునుగు కోసం ఒకప్పుడు ఇంటి వెనక చేలోకి వెళ్లేవాళ్లం. పోయినసారి నేను, అవ్వ రెండు చెరువు కట్టలు దాటి వెళ్లాం. పండుగ పువ్వు తగ్గిపోవడం, అవ్వకు పని దినాలు తగ్గిపోవడం ఒక్క కారణం వల్లే జరిగాయి.

తంగేడు: తాతకు చెక్క, అవ్వకు పువ్వు

తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది. 'ఆరిక్యులా' అంటే లాటిన్‌లో చిన్న చెవి. ఆకు మొదట్లో చెవి ఆకారంలో ఉండే పత్రపుచ్ఛాలను చూసి ఆ పేరు పెట్టారు. ఈసారి తంగేడు కొమ్మ తెంపినప్పుడు ఆ చెవులను చూడండి. పువ్వులో ఐదు పసుపు ఆకర్షణ పత్రాలు ఉంటాయి. పది కేసరాలు ఉంటాయి కానీ అన్నీ ఒకే పొడవు ఉండవు.

ఈ మొక్కకు ఇంగ్లీషులో 'టానర్స్ కాసియా' అని ఇంకో పేరు ఉంది. అంటే తోలు శుద్ధి చేసేవారి కాసియా. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో లైబ్రరీలో ఆ పేరు చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఎందుకంటే మా తాత పని అదే. మేము మాదిగలం. మా ఇంటి వెనక లంద ఉండేదని నాయన చెప్పేవాడు. పచ్చి తోలును సున్నం నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తర్వాత తంగేడు చెక్క వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరవేసేవాళ్లు. చెక్కలో ఉండే టానిన్లు తోలులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తిని గట్టిగా పట్టుకుంటాయి. దాంతో తోలు కుళ్లదు, నీళ్లకు చెడదు. ఆ తోలుతో చెప్పులు కుట్టేవాళ్లు, మోట బొక్కెనలు చేసేవాళ్లు. ఆ మోటతో తోడిన నీళ్లతోనే ఊరి పొలాలు పారేవి.

ఇంటర్‌లో ఉన్నప్పుడు లంద అనే మాట ఎవరి ముందూ పలికేదాన్ని కాదు. సిగ్గుపడేదాన్ని. ఏ టానిన్ల గురించి పరీక్షలో రాస్తే పది మార్కులు వేస్తారో, ఆ టానిన్లతో మా తాత జీవితమంతా పని చేశాడు. ఆయనకు మార్కులు వేసినవాళ్లు లేరు, ముక్కు మూసుకున్నవాళ్లే ఉన్నారు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఊళ్లో బతుకమ్మ రెండు చోట్ల ఆడేవాళ్లు. ఊరివాళ్లు గుడి ముందు, మా వాడవాళ్లు వేప చెట్టు కింద. ఊరి బతుకమ్మలు చెరువుకు పోయేటప్పుడు ముందు డప్పు కొట్టింది మా నాయన. ఊరివాళ్ల ఇళ్లకు గునుగు, తంగేడు మోపులు కోసుకొచ్చి ఇచ్చింది మా అవ్వవాళ్లు. పువ్వు తాకితే తప్పు లేదు, పక్కన నిలబడి ఆడితే తప్పు! ఇప్పుడు బడి ఆవరణలో అందరూ కలిసి ఆడుతున్నారు. అంతా మారిపోయిందని నేను చెప్పను. కానీ వలయంలో అవ్వ నిలబడుతోంది. ఆ మార్పు చదువుకున్న పిల్లలు ముందుకు వచ్చి అడిగితేనే వచ్చింది.

ఏ పువ్వు తెంపాలి, ఏది తెంపకూడదు

అవ్వతో పూలకు వెళ్లడమంటే ప్రాక్టికల్ క్లాసుకు వెళ్లడమే. ఆమె చెప్పిన నియమాలు, వాటి వెనక ఉన్న శాస్త్రం కింద ఇస్తున్నాను.

1. "తంగేడు పొద్దుగాల్లనే తెంపాలె." తంగేడు పూరేకులు పలుచన. ఎండకు త్వరగా వాడిపోతాయి. తెల్లవారుజామున కోసి తడి గుడ్డలో చుట్టాలి.

2. "పొద మీద సగం ఇడిశి తెంపు." తంగేడు ఏళ్లపాటు బతికే పొద. కొంత పూత వదిలితేనే తేనెటీగలకు పుప్పొడి, మొక్కకు కాయ.

3. "ముదిరిన గునుగు చేన్లనే దులుపు." గునుగు విత్తనాలు నల్లగా, నిగనిగలాడుతూ, ఆవగింజ కంటే చిన్నగా ఉంటాయి. ఏడాది మొక్క కాబట్టి గింజ రాలకపోతే వచ్చే ఏడాది మొక్క ఉండదు. మనం గింజతో సహా ఇంటికి తెచ్చుకుంటే ఆ చోట గునుగు తగ్గిపోతుంది.

4. "గుమ్మడికి పిందె ఉన్న పువ్వు జోలికి పోకు. సన్న కాడ మీద ఒంటిగ నిలవడ్డ పోతు పువ్వే తెంపు." గుమ్మడి తీగకు మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. ఆడ పువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, అది అండాశయం. మగ పూలు ఎక్కువగా పూస్తాయి. పరాగ సంపర్కానికి కొన్ని వదిలి మిగతావి తెంపితే కాపుకు నష్టం లేదు. ఏకలింగ పుష్పాల పాఠం నేను ఇంటర్‌లో చదివాను. అంతకు ముందే అవ్వ తీగ దగ్గర చూపించింది.

బంతి, చేమంతి, కట్ల పూలు, మందారం, నందివర్ధనం – ఇంట్లో ఏది ఉంటే అది కలుపుకుంటాం. బంతి మెక్సికో నుంచి వచ్చింది. గుమ్మడి కూడా అమెరికా ఖండాల మొక్కే. వచ్చిన పువ్వునల్లా బతుకమ్మ తన వరుసలో పెట్టుకుంది. వద్దని ఎవరినీ అనలేదు.

పేర్చే పద్ధతి

ముందుగా గునుగు కాడలను ఒకే పొడవుకు కత్తిరించి చిన్న చిన్న కట్టలు కడతాం. తంగేడును కూడా దారంతో కట్టలు కడతాం. ఇది నా పని, తమ్ముడి పని. సిబ్బిలో గాని తాంబాలంలో గాని గుమ్మడి ఆకులు పరుస్తాం. అంచు వెంట కాడలు లోపలికి, పూలు బయటికి ఉండేలా మొదటి వరుస పెడతాం. మధ్యలో ఖాళీని తుంచిన ఆకులతో, మిగిలిన కాడలతో గట్టిగా నింపుతాం. ఆ పైన ఇంకో రంగు వరుస, మళ్లీ నింపడం. ప్రతి వరుసా కింది వరుస కంటే కొంచెం లోపలికి జరగాలి. చివరన గుమ్మడి పువ్వు పెట్టి, పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను నిలుపుతాం.

చూసేవాళ్లకు బయటి పూలే కనిపిస్తాయి. బతుకమ్మ నిలబడేది లోపలి ఆకుల మీద. తొమ్మిదో ఏట నేనొక్కదాన్నే చిన్న బతుకమ్మ పేరిస్తే నాలుగో వరుసకే ఒరిగిపోయింది. లోపల నింపకుండా బయట అందంగా పెట్టుకుంటూ పోయాను. అవ్వ తిట్టలేదు, తాను సర్దనూ లేదు. "విప్పి మల్ల పెట్టు" అన్నది. పక్కన కూర్చొని ఆకులు తుంచి నా చేతికి అందించింది. ఆ రోజు మూడుసార్లు విప్పాను. నాలుగోసారి నిలబడింది.

బతుకమ్మలో లెక్క

అవ్వ ఇంకో మాట అంటుంది: "వరుసకు నాలుగు కట్టలు తగ్గియ్యి, గట్లయితెనే మీదికి సన్నగ వస్తది." అవ్వ బడికి పోలేదు. ఈ నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది? ఒకసారి లెక్క వేసి చూశాను.

మా సిబ్బి వ్యాసార్ధం 9 అంగుళాలు. వృత్త పరిధి = 2 × 3.14 × 9, అంటే సుమారు 56½ అంగుళాలు. ఒక గునుగు కట్ట వెడల్పు 1½ అంగుళం. కాబట్టి మొదటి వరుసకు సుమారు 38 కట్టలు కావాలి. రెండో వరుస ఒక అంగుళం లోపలికి జరిగితే వ్యాసార్ధం 8 అంగుళాలు, పరిధి 50¼ అంగుళాలు, కట్టలు సుమారు 34. తేడా నాలుగు! మూడో వరుసకు 29 నుంచి 30 మధ్య వస్తుంది. వ్యాసార్ధం ఒక అంగుళం తగ్గితే పరిధి ఎప్పుడూ 6¼ అంగుళాల చొప్పున తగ్గుతుంది. సిబ్బి పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. పదో తరగతి చెల్లెళ్లు దీన్ని అంకశ్రేఢిగా రాసి చూడండి. మొత్తం ఎన్ని కట్టలు కావాలో ఇంట్లోనే లెక్క కట్టుకొని పూలకు వెళ్లవచ్చు.

రంగులు, చెరువు

తెల్లటి గునుగును రంగు నీళ్లలో ముంచి ఎరుపు, ఆకుపచ్చ, ఊదా చేస్తారు. ఇప్పుడు ఎక్కువగా బజారు రంగులే వాడుతున్నారు. పోయినసారి మేము ఇంట్లో రంగులు చేసి చూశాం. పసుపు నీళ్లలో ముంచితే పసుపు. అదే నీళ్లలో కొంచెం సున్నం కలిపితే ఎరుపు. పసుపులో ఉండే కర్‌క్యుమిన్ క్షారంతో కలిసి రంగు మారుతుంది. ప్రయోగశాలలో సూచిక అంటామే, అదే ఇది. మాఘ ఫాల్గుణాల్లో పూసే మోదుగ పూలను ఎండబెట్టి దాచుకుంటే నారింజ రంగుకు పనికొస్తాయి. ఇంటి రంగులు బజారు రంగులంత ముదురుగా రాలేదు. "లేతగ ఉన్నా మంచిగనే ఉన్నది" అన్నది అవ్వ.

బతుకమ్మ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయని చాలా వ్యాసాల్లో రాస్తుంటారు. చెల్లెళ్లారా, పండుగ మీద ప్రేమతో రాసిన ప్రతి మాటా శాస్త్రం కాదు. పువ్వులు, ఆకులు నీటిలో కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. పెద్ద చెరువులో నాలుగు పూలు పడితే ఇబ్బంది లేదు. చిన్న కుంటలో టన్నుల కొద్దీ పడి అక్కడే ఉండిపోతే నీరు చెడుతుంది. రసాయన రంగులు, ప్లాస్టిక్ పూలు, థర్మకోల్ కలిస్తే ఇంకా నష్టం. ఆకు, పువ్వు, పసుపు మాత్రమే వాడి, కుంట చిన్నదైతే మర్నాడు పూలను తీసి ఎరువు గుంతలో వేయడం మంచిది. ప్రశ్నించినంత మాత్రాన పండుగ మీద ప్రేమ తగ్గదు.

సేకరించినవారు

డిగ్రీ రెండో సంవత్సరంలో స్థానిక మొక్కలతో హెర్బేరియం చేయమన్నారు. నలభై మొక్కలు కావాలి. సెలవులకు ఇంటికి వెళ్లి అవ్వతో చెప్పాను. రెండు పొద్దులు నన్ను గట్ల వెంట తిప్పింది. ప్రతి మొక్క పేరు చెప్పింది. ఏది గొడ్లు తింటాయో, ఏది తినవో, ఏ ఆకు కూర వండుకోవచ్చో, ఏది గాయానికి రాస్తారో చెప్పింది. నేను శాస్త్రీయ నామాలు చదివితే నవ్వింది. "గునుగుకు గంత పెద్ద పేరెందుకు బిడ్డా? గునుగంటే పలుకదా?"

హెర్బేరియం కాగితం మీద ఒక చీటీ అంటిస్తాం. అందులో శాస్త్రీయ నామం, కుటుంబం, స్థానిక నామం, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారు అని ఉంటాయి. నలభై చీటీల్లోనూ సేకరించినవారు అన్న చోట నా పేరే రాసుకున్నాను. మంచి మార్కులు వచ్చాయి. అదే సంవత్సరం ఒక దరఖాస్తులో తల్లి విద్యార్హత అన్న చోట 'నిరక్షరాస్యురాలు' అని రాశాను. రెండూ నా చేత్తోనే రాశాను. అప్పుడు ఏమీ అనిపించలేదు.

ఎమ్మెస్సీలో మళ్లీ హెర్బేరియం చేయాల్సి వచ్చింది. ఈసారి తంగేడు, గునుగు కాగితాల మీద సేకరించినవారు అన్న చోట మా అవ్వ పేరు రాశాను. మేడమ్ చూసి "ఎవరీమె?" అని అడిగారు. "మా అమ్మ మేడమ్" అన్నాను. ఆమె చీటీని ఇంకోసారి చదివి, సంతకం పెట్టి ఇచ్చారు. దసరాకు ఆ రెండు కాగితాలు ఇంటికి తీసుకెళ్లాను. తన పేరు ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించాను. అవ్వ ఆ అక్షరాలను చూడలేదు, ఎండిన తంగేడు పువ్వునే చూసింది. "రంగు పోలే" అన్నది.

చెల్లెళ్లకు ఒక పని

హాస్టల్లో ఉండే మనం సంవత్సరంలో పది నెలలు ఇంటికి దూరంగా ఉంటాం. చదువు కోసం అది తప్పదు. కానీ ఆ పది నెలల్లో అమ్మ చేతిలో ఉన్న చదువు మనకు అందకుండా పోతుంది. అందుకే దసరా సెలవుల్లో ఈ పనులు చేయండి.

1. అమ్మతో గాని, నాయనతో గాని, అమ్మమ్మతో గాని ఒక్క పొద్దు పూలకు వెళ్లండి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి.

2. కనీసం పది మొక్కల పేర్లు వాళ్లు పలికినట్లే నోట్‌బుక్‌లో రాయండి. పక్కన దాని ఉపయోగం రాయండి.

3. ఒక్కో మొక్క నుంచి చిన్న కొమ్మ తెచ్చి పాత న్యూస్ పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు ఉంచండి. పేపర్లు రోజూ మార్చాలి. వారం పది రోజుల్లో ఎండుతుంది.

4. చీటీ అంటించండి. సేకరించినవారు అన్న చోట మొదట వాళ్ల పేరు, తర్వాత మీ పేరు రాయండి.

5. బతుకమ్మ పేర్చేటప్పుడు ఫొటో కోసం పక్కన నిలబడకండి. కూర్చొని ఆకులు తుంచండి, లోపల నింపండి.

సెలవుల తర్వాత అందరి కాగితాలూ కలిపితే మన హాస్టల్‌కు ఒక హెర్బేరియం తయారవుతుంది. దాన్ని ఎలా కుట్టాలో, ఎలా భద్రపరచాలో నేను వచ్చి చూపిస్తాను. వచ్చే ఏడాది చిత్రలేఖనం పోటీలో 'ప్రకృతి' అని అంశం ఇస్తే, కొబ్బరి చెట్టు వేసే ముందు మీ ఊరి గట్టును ఒకసారి గుర్తు చేసుకోండి.

– పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ (వృక్షశాస్త్రం)